పాండురంగారావు గారి ప్రశ్నలు

మొన్న నందివాడ వైపు నుంచి గుడివాడ వస్తుంటే దారిలో బస్సు టైరు పోయింది. డ్రైవరు అందర్నీ దిగమన్నాడు. కోతలైపోయిన పొలాలు రోడ్డుకి రెండు పక్కలా ఎండి ఉన్నాయి. కాస్త దూరంలో గట్టు పక్కన ఒక ముసలాయన, ఒక ఆడమనిషి వంగి కూర్చుని ఉన్నారు. వాళ్ల మధ్య నుంచి సన్నగా పొగ లేస్తోంది. గాలి ఇటు తిరిగేసరికి వాసన తగిలింది. మండకుండా మగ్గుతున్న వరిగడ్డి వాసన, దాంట్లో తడిమట్టి, పాత ధాన్యం కలిసిన వాసన. నా పక్కన నిలబడినావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "ఎలకలు పడుతున్నార్లెండి, యానాదులు" అంది. నా కళ్లలో నీళ్లు చూసి, "ఇటు రండి, పొగ మీ మీదకే కొడుతోంది" అని చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. పొగ వల్లేనని ఆవిడ అనుకుంటే నేను అలాగే అనుకోనిచ్చాను.

ఆ వాసన తగిలినప్పుడల్లా నాకు పాండురంగారావు గారు గుర్తొస్తారు. ఆయన నా మొదటి ఆఫీసరు. ఆయన చదివింది మానవశాస్త్రం. నేను ఉద్యోగంలో చేరేనాటికి, అంటే తొంభైల్లో, బందరులోని మా చిన్న ఆఫీసుకి ఆయనే పెద్ద. మా పని వినడానికి తేలిక, చెయ్యడానికి కష్టం. ఎవరైనా తాము గిరిజనులమని చెప్పుకున్నప్పుడు, అది నిజం కాదని ఇంకెవరైనా అర్జీ పెడితే, మేము వెళ్లి విచారించి రాయాలి. ఆ రాతని బట్టి పైన కమిటీ తేలుస్తుంది. పాండురంగారావు గారు పడుచువాడిగా ఉన్నప్పుడు దివిసీమ యానాది గూడేల్లో నెలల తరబడి ఉండి, వాళ్ల బతుకు గురించి ఒక పుస్తకం రాశారు. మా శాఖలో అందరూ ఆ పుస్తకాన్ని కళ్లకద్దుకునేవాళ్లు.

మనిషి పొట్టి. ఎప్పుడూ తెల్ల చొక్కా, చేతిలో గొడుగు. సొంతూరు చిలకలపూడి. వాళ్ల నాన్నగారు గిల్టు నగలు చేసేవారట. "మా ఇంట్లో పుట్టినవాడికి నగని చూడగానే అసలో కాదో తెలిసిపోతుందమ్మాయ్. ఆ విద్య మనుషుల దగ్గర పనికిరాదని తెలుసుకోవడానికే ఇంత చదువు చదివాను" అనేవారు నవ్వుతూ. ఆ మాట అన్న మనిషే తర్వాత ఏం చేశారో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నేను చేరిన మొదటిరోజు నా చేతిలో ప్రశ్నల కాగితం ఒకటి పెట్టారు. విచారణకి వెళ్లినప్పుడు గూడేల్లో అడిగే ప్రశ్నలవి. నేను వెంటనే దివిసీమ బస్సెక్కడానికి తయారైపోయాను. ఆయన గొడుగు అడ్డం పెట్టి ఆపారు.

"మీది ఏ ఊరన్నావ్?"

"పెడనండీ. మేం సాలీలం. నాన్నగారు కలంకారీ అద్దకం చేస్తారు."

"అయితే ఈ ఆదివారం మీ ఊరెళ్లి, మీ వీధిలో ఇవన్నీ అడిగి రా. సోమవారం మాట్లాడుకుందాం."

ఇదేం పనిరా దేవుడా అనుకుంటూనే వెళ్లాను. పక్కింటి రత్తమ్మ పిన్ని అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుకుంటోంది. చిన్నప్పటి నుంచి నన్ను ఎత్తుకుని పెంచినావిడ. ధైర్యం చేసి, "పిన్నీ, మన ఇళ్లలో మొగుడు నచ్చకపోతే ఆడది వాణ్ణి వదిలేసి ఇంకొకణ్ణి చేసుకోవచ్చా?" అన్నాను. ఆవిడ చేట పక్కన పెట్టి లేచింది.

"ఏమే, గవర్నమెంటు వాళ్లు నీకు జీతం ఇచ్చేది ఇందుకా? ఉండు, ముందు మీ అమ్మని అడుగుతా, మీ నాన్న నచ్చాడో లేదో!"

వీధంతా పోగైంది. తర్వాతి ప్రశ్నలు నోటికి రాలేదు. ఇంట్లోకి పారిపోయి, పోనీ ఇవైనా పూర్తి చేద్దామని మా అమ్మని అడిగాను. మన ఇంటి దేవుడెవరు, పెద్దవాళ్లు పోతే ఏ రోజున ఏం చేస్తాం, పుట్టినపిల్ల బొడ్డు ఎక్కడ పూడుస్తాం. అమ్మ పోపు వేస్తూ వెనక్కి తిరక్కుండానే, "అవన్నీ మీ నాయనమ్మకి తెలుసు. ఆవిడ పోయిందిగా" అంది.

సోమవారం ఇదంతా చెబితే పాండురంగారావు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకునేదాకా నవ్వారు. "చూశావా? సగం ప్రశ్నలు నువ్వు అడగలేకపోయావు. మిగతా సగానికి మీ వాళ్లకే జవాబు తెలీదు. ఈ సంగతి గుర్తుపెట్టుకుని ఇప్పుడు పద, దివిసీమ వెళ్దాం" అన్నారు. కొత్తగా చేరిన ప్రతివాళ్లనీ ఆయన ఇలాగే ముందు సొంత వీధికి పంపేవారని తర్వాత తెలిసింది. తిట్లు తినకుండా తిరిగొచ్చినవాళ్లు లేరట.

అవనిగడ్డలో బస్సు దిగి, ఆటో ఎక్కి, అది ఆగిపోయినచోటి నుంచి కాలవ గట్టు మీద నడిచాం. గూడెంలో అడుగుపెట్టగానే ఆయన ఎవర్నీ ఏమీ అడగలేదు. తన పేరు, తన తండ్రి చేసే పని, పొద్దున తిన్న టిఫిను, భార్య మోకాళ్ల నొప్పులు అన్నీ చెప్పడం మొదలుపెట్టారు. చుట్టూ చేరినవాళ్లు ఆయన ఇంటి సంగతులన్నీ ఆరా తీశాక గానీ వాళ్ల సంగతి ఎత్తలేదు. "మనం ముందు మనసు విప్పితే వాళ్లు తర్వాత విప్పుతారు" అని నాకు చెప్పారు.

ఆ గూడెంలోనే పోలమ్మని చూశాను. ఎండకి కమిలిన మొహం, నోట్లో చుట్ట, ఎదుటివాణ్ణి ఆడుకునే నోరు. ఆయన పుస్తకంలో సగం ఆవిడ చెప్పిందే. డెబ్బై ఏడు ఉప్పెనలో మొగుణ్ణీ ఇద్దరు పిల్లల్నీ పోగొట్టుకుని, ఒక్క కొడుకుతో మిగిలిందావిడ. ఆ కొడుకుని గుడివాడ రైసుమిల్లులో పనికి పెట్టి, తను మాత్రం కాలవ గట్టు వదల్లేదు.

"పెళ్లి కాకముందొచ్చావు, పెళ్లయినాక వచ్చావు, ఇప్పుడు బట్టతలేసుకొచ్చావు. ఇంకా రాసుకోటం అవలేదా అయ్యా?" అంది ఆయన్ని చూడగానే.

"నువ్వు చెప్పడం అయితే కదే పోలమ్మా, నేను రాయడం అయ్యేది!"

ఆ మధ్యాహ్నం ఆవిడ పీతల పులుసు పెట్టింది. ఆయన చేతులు కారుతున్నా పట్టించుకోకుండా పీత కాళ్లు కొరుక్కుంటూ తిన్నారు. వాళ్లిద్దరూ అన్నాచెల్లెళ్లలా దెబ్బలాడుకుంటుంటే నాకు ఆ ఉద్యోగం మీద ప్రేమ కలిగింది. ఇప్పటికీ అందులోనే ఉన్నానంటే ఆ పూట వల్లే.

ఆ తర్వాత కొన్నేళ్లకి సుజాత విచారణ వచ్చింది. పోలమ్మ కొడుకు కూతురు. గుడివాడలో పుట్టి, మిల్లు వెనక గదిలో పెరిగి, ఇంటరు మంచి మార్కులతో పాసైంది. గిరిజనుల కోటాలో నర్సింగు సీటు వచ్చింది. ఎవరో అర్జీ పెట్టారు, ఈ పిల్ల యానాది కాదు, వీళ్ల ఇంట్లో యానాదుల ఆచారం ఒక్కటీ లేదు అని. సీటు నిలవాలంటే మేము అనుకూలంగా రాయాలి. మామూలుగా అయితే పాండురంగారావు గారు గూడేనికే వెళ్లి విచారించేవారు. ఈసారి మాత్రం పిల్లనే బందరు ఆఫీసుకి పిలిపించారు.

"పోలమ్మ మనవరాలు. గూడేనికి వెళ్తే పులుసు తిని రాశారంటారు. నేను ఆ ఇంటివాణ్ణి కాదు, ఆఫీసరుని. ఎవర్నీ అడగనిది ఈ పిల్లని అడగను, అందర్నీ అడిగింది మానను. అయినా పోలమ్మ మనవరాలికి ఇవి ఒక లెక్కా?" అన్నారు. ఆ ధీమా చూసి నాకూ ధైర్యం వచ్చింది.

సుజాత శుభ్రంగా ఇస్త్రీ చేసిన లంగా ఓణీ కట్టుకుని, రెండు జడలు వేసుకుని వచ్చింది. కుర్చీ అంచు మీద కూర్చుంది. నేను పక్కన కూర్చుని రాస్తున్నాను.

"ఎలకల్ని ఎలా పడతారో చెప్పమ్మా."

"తెలీదండీ. నేనెప్పుడూ పట్టలేదు."

"మీ నాయనమ్మ పడుతుంటే చూడలేదా?"

"నేను వెళ్లినప్పుడు నాయనమ్మ పనికి వెళ్లేది కాదండీ. నన్ను గట్టు దిగనిచ్చేది కాదు."

"మీ ఇంటి దేవర?"

"ఇంట్లో వెంకటేశ్వరస్వామి పటం ఉందండీ."

"పాము కరిస్తే ఏ ఆకు వేస్తారు?"

"ఆసుపత్రికి తీసుకెళ్లాలండీ" అంది ఆ పిల్ల, సరైన జవాబు చెప్పిన సంతోషంతో. నర్సు కావలసిన పిల్ల మరేం చెబుతుంది?

పాండురంగారావు గారు నన్ను చూశారు, కిటికీలోంచి బయటికి చూశారు. ప్రశ్నలన్నీ అయ్యాక ఉన్నది ఉన్నట్టు రాసి పంపారు. ఈ కుటుంబాన్ని నేను ఎరుగుదును అన్న ఒక్క ముక్క చేర్చమని నేను బతిమాలాను. "అలా రాస్తే నేను సాక్షినవుతాను, విచారణాధికారిని కాను. పైవాళ్లకి బుద్ధి లేదా? బడికి వెళ్లిన పిల్లకి ఇవన్నీ ఎలా తెలుస్తాయని వాళ్లే అర్థం చేసుకుంటారు" అన్నారు.

పైవాళ్లు ఆయన రాసిందీ, ఆయన పుస్తకమూ పక్కపక్కన పెట్టుకుని చదివారు. పుస్తకంలో చెప్పిన లక్షణాల్లో ఒక్కటీ ఈ అమ్మాయిలో కనబడలేదు కనక ఈమె యానాది కాదు అని తేల్చారు. మళ్లీ విచారణ కోరవచ్చుగానీ, అడ్మిషన్లు ముగిసేలోగా తేలకపోతే సీటు వేరేవాళ్లకి పోతుంది.

ఆ ఉత్తర్వు చదివి నేను ఆయన గదిలోకి వెళ్లి అరిచాను. నాకు కోపం వస్తే పెద్దా చిన్నా కనబడదు. "మా ఇంటి దేవుడెవరో మా అమ్మకి తెలియలేదు. బొడ్డు ఎక్కడ పూడుస్తారో తెలియలేదు. నేను సాలీల పిల్లని కాదని ఎవరైనా రాశారా? అది మీరే నాకు నేర్పారు కదండీ. మీరెలా మర్చిపోయారు?" అన్నాను. ఆయన గొడుగు తీసుకుని, "పద, పోలమ్మకి నేనే చెప్పాలి" అన్నారు.

సుజాత అప్పటికే నాయనమ్మ దగ్గరికి వచ్చేసింది. గుడిసె ముందు మోకాళ్లలో తల పెట్టుకుని కూర్చుంది. పోలమ్మ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. చుట్ట నలిపి పక్కన పెట్టింది.

"మళ్లీ అడుగుతారంటగా అయ్యా? అయ్యే ప్రశ్నలేగా?"

"అవే."

"నీ పుస్తకంలో ఉన్నయ్యేగా? అయ్యన్నీ నేను చెప్పినయ్యేగా? పిల్లకి నేనే నేర్పుతా. లేవే" అంది.

సుజాత కళ్లు తుడుచుకుని లేచింది. ఇద్దరూ గట్టు దిగి, కోసిన చేలోకి వెళ్లారు. పోలమ్మ ఒక కుండ నిండా గడ్డి కూరి, దాని మూతిని ఎలక కన్నానికి ఆనించి పెట్టింది. కుండ అడుగున చిన్న బెజ్జం ఉంది. నిప్పంటించి, ఆ బెజ్జంలోంచి ఊదమంది. పిల్ల చేతులు వెనక్కి కట్టుకుని, ఓణీ నేలకి తగలకుండా చూసుకుంటూ, వంగి ఊదింది. పొగ కన్నంలోకి వెళ్లకుండా తిరిగి మొహానికే కొట్టింది. దగ్గుతూ, కళ్లు నులుముకుంటూ మళ్లీ ఊదింది. "నోరు దగ్గరెట్టి ఊదవే. మొదటిసారిలా నోటితోనే అడుగుతారుగా, ఇదంతా అవసరమా అనుకోబాకు. ఊదు!" అని పోలమ్మ అరుస్తోంది. మూడోసారికి పిల్ల మోకాళ్ల మీద కూలబడి కక్కుకుంది.

పోలమ్మ కుండ తీసి గట్టుకేసి కొట్టింది. "ఈ పొగ నీ కళ్లల్లో పడకూడదనే కదే నిన్ను గుడివాడలో పెంచింది! నా చేత్తో నేనే పోస్తన్నానే తల్లీ!" అని పిల్లని వాటేసుకుని ఏడ్చింది. ఉప్పెన సంగతి చెప్పేటప్పుడు కూడా ఆవిడ ఏడవగా నేను చూడలేదు.

పాండురంగారావు గారు చెప్పుల్లేకుండా చేలోకి దిగి వెళ్లారు. ఆ ముసలామె ముందు చేతులు జోడించారు. "వద్దు పోలమ్మా. ఆపు. ఇక దీనికేమీ నేర్పక్కర్లేదు. ఆ పుస్తకం రాసింది నేను, దాంతో పిల్లని కొలవకూడదని నేనే వెళ్లి చెబుతాను. నా మాట వింటారు" అన్నారు. సుజాత తలెత్తి ఏదో అనబోయింది. ఆయన ఆ పిల్ల తల నిమిరి, "నువ్వు గుడివాడ వెళ్లి చదువుకో అమ్మా" అని వెనక్కి తిరిగారు.

హైదరాబాదు నేనూ వెళ్లాను. పెద్ద బల్ల చుట్టూ కమిటీ కూర్చుంది. ఆయన నిలబడే మాట్లాడారు. తన పుస్తకం ఒక కాలంలో కొన్ని గూడేల్లో చూసింది మాత్రమేననీ, అలా బతకనంత మాత్రాన వాళ్ల పిల్లలు యానాదులు కాకుండా పోరనీ, ఈ అమ్మాయి నాయనమ్మని తాను స్వయంగా ఎరుగుదుననీ చెప్పారు. చివరికి ఆయన సాక్షి అయ్యారు. కానీ ఆలస్యంగా.

ఒక సభ్యుడు మర్యాదగానే అడిగాడు. "అయితే మీ పుస్తకం తప్పంటారా సార్?"

"రాసినప్పుడు తప్పు కాదండీ. ఇలా వాడితే తప్పు."

"ఇన్నాళ్లూ దీన్ని చూసే తేల్చాం. వాటిలో చాలా విచారణలు మీవే. అవన్నీ తిరగదోడమంటారా?"

పాండురంగారావు గారు బల్ల మీదున్న తన పుస్తకం వైపు చూస్తూ ఉండిపోయారు. ఆ ప్రశ్న ఆయనకి ఆ గదిలోనే మొదటిసారి తట్టిందని ఆ మొహం చూస్తే నాకు తెలిసింది. ఆయన రాతతో ఇంకెంతమంది పిల్లలు వెనక్కి వెళ్లిపోయారో. పరిశీలిస్తాం అన్నారు కమిటీవాళ్లు. పరిశీలించారు కూడా. సుజాత యానాదేనన్న కాగితం వచ్చేనాటికి అడ్మిషన్లు అయిపోయి, సీటు ఇంకొకరికి వెళ్లిపోయి, తరగతులు మొదలైపోయాయి. మరుసటి ఏడు మిల్లులో తండ్రి మీద బస్తా పడి నడుం విరిగింది. ఆ పిల్ల గుడివాడలో ఒక నర్సింగు హోములో ఆయాగా చేరింది.

ఆ కాగితం వచ్చిన రోజు నేను ఆయన్ని అడిగేశాను. "ఆ రోజు నేర్చుకోనిచ్చి, మళ్లీ విచారణకి పంపి ఉంటే టైముకి సీటు వచ్చేది కదండీ?"

"వచ్చేది అమ్మాయ్" అన్నారు. కాగితం మడుస్తూ, "ఆ పొగలో ఆ పిల్లని చూడలేకపోయాను" అన్నారు. దాని మీద మేము మళ్లీ మాట్లాడుకోలేదు. ఆయన చూడలేకపోవడం వేరు, ఆ పిల్ల ఓర్చుకోలేకపోవడం వేరు అని నాకు అప్పటికింకా తట్టలేదు.

ఆ తర్వాత ఆయన గూడెం వెళ్లారు, కానీ ఎక్కువసేపు కూర్చునేవారు కాదు. పోలమ్మ ఎప్పటిలాగే పీతల పులుసు పెట్టింది. రెండు ముద్దలు తిని, కడుపు బాగాలేదని లేచారు. "నా మీద కోపమైతే నేను పెడతానా అయ్యా? తిను" అని ఆవిడ వెనకాల పిలుస్తూనే ఉంది. ఆ మరుసటి వానాకాలం పోలమ్మ పోయింది. పుస్తకం మళ్లీ అచ్చేస్తామని ఎవరో వస్తే ఆయన చేతులు జోడించి పంపేశారు. రిటైరయ్యాక చిలకలపూడిలో తండ్రి ఇంట్లోనే ఉన్నారు. నేను వెళ్తే ఆఫీసు కబుర్లు అడిగేవారు కాదు. గొడుగు గోడకి తగిలించి ఉండేది.

ఆయన పోయిన రోజు సుజాత వచ్చింది. డ్యూటీ నుంచి తిన్నగా వచ్చిందేమో, నర్సింగు హోము చీరలోనే ఉంది. వాకిట్లో ఆయన కాళ్లకి దండం పెట్టి, లోపలికి వెళ్లి ఆయన భార్యని లేవదీసి, నాలుగు గుక్కల మంచినీళ్లు తాగించింది. ఎవరూ చెప్పకుండానే ఆవిడ నాడి పట్టుకుని చూసింది. తర్వాత అరుగు మీద నా పక్కకి వచ్చి కూర్చుంది.

"సార్ మంచోరండీ. నా కోసం హైదరాబాద్ దాకా ఎల్లారు" అంది. నేను తలూపాను. వీధి చివర గిల్టు కొట్లలో ఆ రోజు పని ఆపేశారు.

"కానీ అమ్మగారూ, నేను ఇంకో రెండు రోజులు ఊదితే వచ్చేసేదండీ. కక్కుకుంటే ఏమైంది? నర్సింగులో అందరూ మొదట్లో కక్కుకుంటారంట. నాకు కావాల్సింది సీటు. దానికోసం ఎలకలు పట్టమన్నా పట్టేదాన్ని" అంది. చీర కొంగు వేళ్లకి చుట్టుకుంది. "ఆఫీసులో అన్ని ప్రశ్నలు అడిగారు. ఆ రోజు చేలో మాత్రం, నువ్వేం చేస్తావమ్మా అని నన్నడగలేదు."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే నేనేదో ఒకటి అని ఓదార్చేదాన్ని. వాకిట్లో ఆయన ఉన్నారు, ఇక ఎవరు ఏం చెప్పినా వినరు. నేను ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఏడ్చాను. ఆయన కోసమో, ఆ పిల్ల కోసమో నాకే తెలియలేదు.

ఇప్పుడు ఆయన కుర్చీలో నేనున్నాను. కొత్తగా చేరినవాళ్లని ముందు సొంత వీధికి పంపుతాను. గూడేనికి వెళ్లినప్పుడు మా ఆయన మధుమేహం దగ్గర్నుంచి అన్నీ చెప్పుకున్నాకే వాళ్లని అడుగుతాను. ఎలకల ప్రశ్న, పాముకాటు ప్రశ్న తీసేయించడానికి నాకు ఏళ్లు పట్టింది. ఇవన్నీ ఆయన దగ్గర నేర్చుకున్నవే, నేర్చుకుని ఆయనతోనే దెబ్బలాడినవే. కానీ అన్నీ అయిపోయి, రాసిన కాగితం మడిచేముందు, ఎదురుగా కూర్చున్న పిల్లని ఒకటి అడుగుతాను. "నువ్వేమంటావమ్మా? నీకేం కావాలి? దానికి నన్నేం చెయ్యమంటావు?" చాలామంది ఆ ప్రశ్నకి బిత్తరపోతారు. ఇది కూడా పరీక్షేమోనని పక్కనున్న పెద్దవాళ్ల మొహం చూస్తారు. పెద్దవాళ్లు అందుకుని చెప్పబోతారు. నేను చెయ్యెత్తి వాళ్లని ఆపి, పిల్ల నోరు తెరిచేదాకా కూర్చుంటాను.